జూదరికిని లెక్క చెప్పవలెనా?

జూదము తప్పని మన పెద్దలు చెప్పిరి. మేమును ఆ మాటనే నమ్ముచున్నాము. కావున దానిని సమర్థించుటకై ఈ వ్యాసమును వ్రాయుట లేదు. కాని జూదము తప్పని యొప్పుకొన్నంతమాత్రమున విచారణ ముగియదు. మఱియొక ప్రశ్న మిగిలియే యున్నది. తెలిసి తెలిసి పందెమునకు వచ్చిన మనుష్యునికి, ఆ పందెమును నడపి దానివలన ఆదాయము పొందువాడు సరియైన లెక్క చెప్పవలసియున్నదా? ఉన్నయెడల అది దయచేత చెప్పునదా, ధర్మముచేత చెప్పవలసినదా? సంస్కరణాభిలాషులగు మనవారు జూదమును నిందించుటతోడనే తృప్తిపడి యీ ప్రశ్నను తఱచుగా విడిచిపెట్టుచున్నారు. గుఱ్ఱపు పందెముల విషయమున దీనిని కొంచెము నిదానించి విచారింపదలచితిమి.

ఇన్ని జూదములుండగా గుఱ్ఱపు పందెములనే యేల యెన్నుకొంటిమని చదువరులు అడుగవచ్చును. చీట్లపేకను తలుపులు మూసికొని ఆడుదురు. సంక్రాంతినాటి కోడిపందెములు పోలీసులు వచ్చునేమోయను భయముతోడనే జరుగును. గుఱ్ఱపు పందెములట్లు కావు. అవి పట్టపగలు, ప్రభుత్వపు అనుమతితో, గౌరవనీయులగు పెద్దల యాజమాన్యమున, వేలకొలది జనుల యెదుట జరుగుచున్నవి. దొంగచాటు జూదములో మోసము జరిగినచో ఆశ్చర్యపడువారు లేరు. చట్టముయొక్క నీడలో జరుగు జూదములో మోసము జరిగినచో, ఆ చట్టమును నిలుపుకొన్న మనకందఱకును దానియందు పాలు కలదు.

ఈ విషయమున లోకములో సాధారణముగా వినవచ్చు సమాధానమొకటి కలదు. “వాడు పోగొట్టుకొనుటకే వచ్చినాడు, పోగొట్టుకొన్నాడు. నూటికి ఇరువది పోయిన నేమి, ఇరువదియైదు పోయిన నేమి? బుద్ధి వచ్చువఱకు పోనిండు” అని పలువురు అందురు. ఈ మాట వినుటకు నీతివాక్యమువలె నుండును; విచారించినచో నీతి కాదు. పందెమునకు వచ్చినవాడు ఒక యనిశ్చయమున కొప్పుకొన్నాడు. ఏ గుఱ్ఱము ముందు వచ్చునో తెలియదన్నది ఆ యనిశ్చయము. తన సొమ్ములో నిర్వాహకుడు చెప్పకుండ తీసికొను భాగమునకు వాడొప్పుకొనలేదు. అదృష్టమునకు తలవంచుట వేఱు, చేతివాటమునకు తలవంచుట వేఱు. రెంటికిని ఒకే పేరు పెట్టుట న్యాయము కాదు.

భారతకథ నెఱిగిన మనకు ఈ భేదము క్రొత్తది కాదు. ధర్మరాజు జూదమాడుట తప్పని మన మందఱమును ఒప్పుకొందుము. అంతమాత్రమున శకుని నిర్దోషియని యెవ్వరును చెప్పరు. “పిలిచినంతనే వచ్చినాడు, కావున మోసపోవుటకు అర్హుడే” యని శకుని పక్షమున వాదించినవానిని మనము మెచ్చుకొనము. మఱియు ఆ కథలో మూడవవాడొకడు కలడు. వానిని మనము తఱచుగా మఱచుచున్నాము. సభను కట్టించినవాడు, ఆటకు పిలిపించినవాడు, పీఠముపై కూర్చుండి గెలుపెవరిదని ఆత్రముతో అడిగినవాడు ధృతరాష్ట్రుడు. పాచికను వాడు చేతితో తాకలేదు. అయినను సభాపతియగుటచేత ఆ దోషములో సగము వానిదే. నేటి పందెపు బయళ్లను నడపువారి స్థానము ఈ మూడవవాని స్థానము. వారు పందెము కాయరు; కాని పందెము కాయు చోటు వారిది.

మన ధర్మశాస్త్రములు ఈ స్థానమును సూక్ష్మముగానే విచారించినవి. ప్రాణము లేని పాచికలతో ఆడునది ద్యూతమనియు, ప్రాణులను పెట్టి పందెమొడ్డునది సమాహ్వయమనియు మనువు విభజించి, రెంటిని రాజ్యమునుండి తొలగింపవలయునని శాసించెను. గుఱ్ఱపు పందెము సమాహ్వయము. మనువు నిషేధించినదానిని యాజ్ఞవల్క్యుడు నియమములకు లోబఱచెను. ద్యూతశాలను నడపు సభికుడు నూఱును మీఱిన గెలుపులో నూటికి ఐదు వంతున తీసికొనవలయుననియు, రాజునకు ఈయవలసినది ఈయవలయుననియు, గెలిచినవానికి సొమ్ము వసూలుచేసి యీయవలయుననియు, సత్యము పలుకవలయుననియు ఆయన విధించెను. కౌటిల్యుని అర్థశాస్త్రములో ద్యూతమునకొక అధ్యక్షుడే కలడు. సరియైన పాచికలను అతడే యీయవలయును. వానిని మార్చినవారికి దండనము. అక్కడను భాగము నూటికి ఐదే. జూదమును మెచ్చుకొని వీరిట్లు వ్రాయలేదు. జూదము జరుగుచున్నంతకాలము దానిని నడపువాడు సత్యమునకు కట్టువడవలెనని వ్రాసిరి. ఆటగాని దోషము నిర్వాహకుని ఋణమును కొట్టివేయదన్నది వారి సిద్ధాంతము. మా సిద్ధాంతమును అదియే.

ఇప్పటి పందెపు బయలులో సభికుని భాగ మెట్లు తీయబడుచున్నదో చూతము. 1860 ప్రాంతములందు పారిసు నగరమున జోసెఫ్ ఒల్లెరు అనునాతడు ఒక పద్ధతిని కనిపెట్టెను. పందెము కాచినవారి సొమ్మంతయు ఒక రాశిగా చేర్చి, అందుండి నిర్వాహకుని భాగమును తీసివేసి, మిగిలినదానిని గెలిచిన గుఱ్ఱముపై కాచినవారికి పంచి యిచ్చుట దాని సారము. ఈ పద్ధతిలో నిర్వాహకునికి ఏ గుఱ్ఱము గెలిచినను ఒకటే. వాని భాగము వానికి వచ్చును. కావున బుకీల పద్ధతికంటె ఇది నిష్కపటమని పేరు వచ్చినది. 1913 సంవత్సరమున న్యూజీలండులోని ఆక్లండు నగరమున జార్జి జూలియసు నిర్మించిన గొప్ప యంత్రము ఈ లెక్కను తనంతట తానే చేయ నారంభించెను. టోటలైజరు అను పేరుతో ఆ యంత్రముల సంతతియే నేడు ప్రపంచమంతటను పని చేయుచున్నది. ఏ గుఱ్ఱముపై ఎంత చేరినదో జనులు కన్నులార చూడవలయునన్నదే ఆ యంత్రముయొక్క గొప్ప ప్రయోజనము.

అయితే రాశి కనబడినంత స్పష్టముగా కోత కనబడదు. ఒక లెక్క చెప్పెదము. ఒక పందెములో లక్ష రూపాయలు చేరినవనుకొందము. నిర్వాహకుని కోత నూటికి 25. మిగిలినది 75,000. గెలిచిన గుఱ్ఱముపై కాచిన సొమ్ము 20,000. అనగా పది రూపాయల టిక్కెట్లు 2,000. ఒక్కొక్క టిక్కెట్టునకు 37 రూపాయల 50 పైసలు రావలయును. కాని చెల్లింపులో చిల్లరను విడిచి క్రిందికి కుదించు ఆచారము పెక్కు దేశములందు కలదు. ఇచట రూపాయకు కుదించినచో టిక్కెట్టునకు 37 మాత్రమే వచ్చును. విడిచిన చిల్లర మొత్తము వేయి రూపాయలు. ఇక కోత 25 గాక 26 అయినదనుకొందము. అప్పుడు మిగులునది 74,000. టిక్కెట్టునకు సరిగా 37. రెండు విధములను గెలిచినవాని చేతికి వచ్చినది 37 రూపాయలే. పది పెట్టి ముప్పదియేడు తీసికొన్నవాడు సంతోషముతో ఇంటికి పోవును. తన సొమ్ములో ఎవ్వరు ఎంత, ఏ పేరుతో తీసికొనిరో వానికి తెలియదు. తెలిసికొనుటకు వాని చేతిలోని కాగితమున ఆధారమును లేదు. ఓడినవాడు అసలే అడుగడు.

మఱియు ఈ కోత ఒక్కసారి తీయబడునది కాదు. పందెగాడు గెలిచినదానిని మరల తరువాతి పందెమున పెట్టుచుండును. జనులనందఱిని ఒక్కటిగా లెక్కించినచో, వారు నూఱు రూపాయలతో మొదలిడి, మిగిలినదానిని మరల మరల పెట్టినయెడల, 25 శాతపు కోతలో ఐదు పందెములు ముగియునప్పటికి వారియొద్ద మిగులునది సుమారు 24 రూపాయలు. కోత 16 శాతమైనచో మిగులునది సుమారు 42. అంకెలలో భేదము తొమ్మిదియే. సాయంకాలమునకు జేబులో భేదము దాదాపు రెండింతలు. కోత నూటికి ఒకటి పెరిగిన నేమి యనువారు ఈ లెక్కను మనసునం దుంచుకొనవలయును.

నూటికి ఒకటి యను మాట మేము ఊహించి చెప్పుట లేదు. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున ఆక్విడక్టు, బెల్మాంటు, సారటోగా అను మూడు ప్రసిద్ధమైన పందెపు బయళ్లను న్యూయార్కు రేసింగు అసోసియేషను అను సంస్థ నడపుచున్నది. ఆ సంస్థ దివాలా స్థితికి వచ్చి, 2008లో ఆ భూములపై తన హక్కును రాష్ట్రమునకు విడిచి, ప్రతిగా 25 ఏండ్లపాటు పందెములు నడపుటకు అనుమతి పొందెను. ఆ సంవత్సరముననే కొన్ని చిక్కు పందెములపై కోతను 25 నుండి 26 శాతమునకు పెంచుటకు శాసనము అనుమతించెను. ఆ శాసనమునకు గడువు కలదు. అది 2010 సెప్టెంబరులో తీరినది. కోత మరల 25 శాతమునకు దిగవలసియుండెను. దిగలేదు. 2011 డిసెంబరు వఱకు, పదునైదు నెలలపాటు, ఆ ఒక్క శాతము తీయబడుచునే యుండెను. అట్లు పందెగాండ్రయొద్ద అధికముగా తీసిన సొమ్ము సుమారు 85 లక్షల డాలర్లని తేలినది. ఇది కేవలము మఱపు కాదనియు, పై యధికారులకు తెలిసియే యుండెననుటకు ఆధారములు కలవనియు 2012 ఏప్రిల్‌లో రాష్ట్రపు పందెముల మండలి తన నివేదికలో సూచించెను. మే నెలలో సంస్థయొక్క ముఖ్యాధికారియు న్యాయసలహాదారుడును తొలగింపబడిరి. ఆ సంవత్సరమే సంస్థ పాలనము రాష్ట్రప్రభుత్వపు చేతిలోనికి పోయినది.

ఈ యుదంతమున మమ్ము ఆలోచింపజేసినది సొమ్ముయొక్క పరిమాణము కాదు. పదునైదు నెలలలో లక్షలకొలది టిక్కెట్లు అమ్ముడుపోయినను నష్టపోయినవారు దానిని తెలిసికొను మార్గము లేకపోవుటయే మమ్ము ఆలోచింపజేసినది. అంగడిలో బియ్యము తూకమున తక్కువైనచో ఇల్లాలు ఇంట మరల తూచుకొనును. పాలలో నీళ్లు కలిసినచో పొయ్యిమీద తెలియును. ఇక్కడ తూచుకొనుటకు ఇంట తక్కెడ లేదు. అమ్మినవాని తక్కెడయే తక్కెడ. అటువంటి చోట నమ్మకము పందెగాని దయ కాదు; నిర్వాహకుని మూలధనము. అది పోయిన పిమ్మట సొమ్ము తిరిగి యిచ్చుటయును కష్టమే. పేరు వ్రాసికొని ఖాతాద్వారా ఆడినవానిని వెదకి యీయవచ్చును. కిటికీయొద్ద రొక్కమిచ్చి, ఓడిన టిక్కెట్టును చించి నేల పాఱవేసి పోయిన కూలివానిని ఎచట వెదకుట? అన్యాయమునకు లోనగుటలో అందఱును సమానులే. న్యాయము పొందుటలో మాత్రము పేదవాడు వెనుకబడును.

దీనికి ప్రక్కన మఱియొక యుదంతమును ఉంచి చూడవలయును. కెంటకీ రాష్ట్రమున లూయీవిల్ నగరములోని చర్చిల్ డౌన్సు 1875 నుండి కెంటకీ డెర్బీ జరుగుచున్న బయలు. 2014 వసంతకాలమున అచ్చటి నిర్వాహకులు కోతను పెంచిరి. సామాన్య పందెములపై 16 నుండి 17.5 శాతమునకును, చిక్కు పందెములపై 19 నుండి 22 శాతమునకును పెంచిరి. ఈ పెంపు న్యూయార్కులో దాచిన శాతముకంటె ఎక్కువ. కాని వారు దానిని ముందుగా ప్రకటించిరి. గెలుపు బహుమానములు తగ్గకుండుటకై చేయుచున్నామని కారణమును చెప్పిరి. పందెగాండ్ర సంఘమొకటి అచ్చట ఎవ్వరును పందెము కాయవలదని పిలుపునిచ్చెను. ఆ ఋతువున పందెపు సొమ్ము వెనుకటి యేటికంటె తగ్గినది. గుఱ్ఱములు తక్కువగా వచ్చుటయే దీనికి హేతువని నిర్వాహకు లనిరి. కోతయే హేతువని పందెగాండ్రనిరి. ఎవరి మాట ఎంతవఱకు నిజమైనను, అచ్చట వాదమునకు చోటు కలిగెను. ధర తెలిసినవాడు ప్రశ్నించెను. ఇష్టము లేనివాడు లేచిపోయెను. న్యూయార్కులో ఆ పదునైదు నెలలు ప్రశ్నించుటకుగాని లేచిపోవుటకుగాని ఎవ్వనికిని అవకాశము లేకపోయెను. పెద్ద ధరను బహిరంగముగా అడుగుట లోభము కావచ్చును. చిన్న ధరను రహస్యముగా తీయుట దొంగతనము. లోభమునకు మందు జనులయొద్ద కలదు. దొంగతనమునకు మందు వెలుతురు ఒక్కటియే.

ప్రేక్షకునిపై పడు భారము కోతతో ముగియదు. పందెములను చూచు జనులలో గుఱ్ఱముల యందము కొఱకు, జనసమ్మర్దపు సంబరము కొఱకు వచ్చు సామాన్యులును కలరు. 1863 నుండి పందెములు జరుగుచున్న సారటోగాలో కుటుంబములు చద్దిమూటలతో వచ్చి చెట్లక్రింద కూర్చుండి వేసవి దినమును గడపుట వాడుక. అచ్చటను 2014లో సామాన్య ప్రవేశపు రుసుము 3 డాలర్లనుండి 5 డాలర్లకు పెరిగినది. ప్రవేశము, కుర్చీ, బండి నిలుపు చోటు, గుఱ్ఱముల వివరముల పుస్తకము, భోజనము అనుచు ఒక్కొక్కటియు కొంచెము కొంచెముగా పెరిగినప్పుడు మొదట దూరమగువాడు పేద ప్రేక్షకుడు. మఱియొక ప్రక్క, కంప్యూటర్ల సాయమున కోట్లకొలది పందెము కాయు పెద్ద ఆటగాండ్రకు కోతలో కొంత భాగమును తిరిగి యిచ్చు ఆచారము అమెరికాలో ప్రబలినది. కోత గోడమీద అందఱకు ఒకటే. చేతిలో మాత్రము వేఱువేఱు. రెండు డాలర్ల పందెము కాయువాడు పూర్తి ధర చెల్లించుచు, తగ్గింపు ధరకు ఆడు ధనవంతునితో ఒకే రాశిలో పోటీపడుచున్నాడు. ఈ సంగతి వానికి టిక్కెట్టుమీద ఎవ్వరును వ్రాసి చూపరు.

నిర్వాహకుల పక్షమున చెప్పవలసినదియు కలదు. దానిని దాచుట మాకు తగదు. గుఱ్ఱమును పోషించుట సామాన్యము కాదు. మేత, దాణా, పశువైద్యుడు, నాల్లు కొట్టువాడు, సైసు, శిక్షకుడు, జాకీ, బయలును చదునుచేయు కూలీలు, వీరందఱకును పందెము లేని దినములందును జీతమీయవలయును. బహుమానము తగ్గినచో యజమానులు గుఱ్ఱములను తేరు. గుఱ్ఱములు తగ్గినచో చూచువారు రారు. కావున ఖర్చులు పెరుగుటయే నేరమని మే మనము. ఖర్చు పెరిగినదని చెప్పువాడు పద్దును చూపవలయునని మాత్రమే అందుము. పద్దు చూపనివాడు ఖర్చు పేరు చెప్పుటకు హక్కు లేనివాడు.

ఎక్కువ సొమ్ము వచ్చినంతమాత్రమున ఆటకు మేలు కలుగునన్న మాటయు నిజము కాదు. 2011 అక్టోబరులో ఆక్విడక్టు బయలు ప్రక్కనే జూదయంత్రశాల తెఱువబడి, దాని యాదాయమున బహుమానములు పెరిగినవి. ఆ నవంబరు చివరనుండి 2012 మార్చి వఱకు ఆ ఒక్క బయలుననే 21 గుఱ్ఱములు చనిపోయినవి. గుఱ్ఱముయొక్క విలువకు మించిన బహుమానము పెట్టుట వలన, విశ్రాంతి యీయవలసిన గుఱ్ఱమును పరుగుకు దింపు ఆశ పెరిగెనని విచారణసంఘము ఆ సంవత్సరమున చెప్పినది. చనిపోయినవానిలో పెక్కింటిని కాపాడియుండవచ్చుననియు చెప్పినది. పందెగాడు తన యిష్టమున వచ్చినాడందురు. గుఱ్ఱము ఎవరి యిష్టమున వచ్చినది? లెక్కలు దాచు చోట సొమ్ము మాత్రమే కాదు, మూగప్రాణియొక్క కాలి గాయమును దాగును.

ఇది దూరదేశపు కథ యని మనము ఊరకుండుటకు వీలులేదు. చెన్నపట్టణమునందలి గిండీ బయలున పందెములు పదునెనిమిదవ శతాబ్దమునుండి జరిగినవి. అచ్చటి సుమారు 160 ఎకరములు ప్రభుత్వపు భూమి. దానిని 1945లో 99 ఏండ్లకు కౌలుకిచ్చిరి. కౌలు సంవత్సరమునకు 614 రూపాయలును కొన్ని అణాలును. కాలము మాఱినను కౌలు మాఱలేదు. బకాయి 730 కోట్ల రూపాయలకు పైబడినదనియు, దానిని చెల్లింపవలయుననియు మద్రాసు హైకోర్టు 2023 మార్చిలో తీర్పు చెప్పెను. 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వము కౌలును రద్దుచేసి ఆ బయలునకు తాళము వేసెను. వివాదము అటుపిమ్మటను న్యాయస్థానములందు నడచినది. దాని యోగ్యతను మేము నిర్ణయింపబూనము. కాని ఒక్క సంగతి స్పష్టము. పందెములు నడపు సంఘములు తఱచుగా “మేము సభ్యుల సంఘము, మా లెక్కలు మా సభ్యులకే” యందురు. ప్రజల భూమిపై, ప్రజల ప్రభుత్వ మిచ్చిన అనుమతితో, ప్రజల సొమ్మును రాశిగా చేర్చి ఆడించువాడు తన్ను ఇంటిలో పేకాడుకొను గృహస్థునితో పోల్చుకొనజాలడు.

గిండీ కథలోనే మఱియొక యధ్యాయము కలదు. తమిళనాడు ప్రభుత్వము 1974లో గుఱ్ఱపు పందెములను నిషేధించుచు శాసనము చేసెను; 1986లో ఆ క్లబ్బునే స్వాధీనము చేసికొనుటకు మఱియొక శాసనము చేసెను. 1996 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయమున తీర్పు చెప్పుచు, గుఱ్ఱపు పందెము కేవలము అదృష్టము కాదనియు, గుఱ్ఱముయొక్క వంశము, శిక్షణము, జాకీయొక్క నేర్పు మున్నగువానిని ఎఱిగి నిర్ణయించు నైపుణ్యము దానియందు ప్రధానమనియు చెప్పి, 1986 నాటి శాసనమును కొట్టివేసెను. పందెముల సంఘములకు ఈ తీర్పు పెట్టనికోట. అయితే కోటలో నివసించువాడు దాని నియమమునకును లోబడవలయును గదా! ఇది నైపుణ్యమైనచో, నైపుణ్యమునకు ఆహారము సమాచారము. గుఱ్ఱమునకు గాయమైనదా, మందిచ్చిరా, జాకీ యేల మాఱెను, అనుమానాస్పదమైన పరుగుపై విచారణ యేమైనది, రాశిలో ఎంత చేరినది, ఎంత తీసిరి అను విషయములు ప్రేక్షకునికి తెలియకున్నచో వాడు నైపుణ్యమును దేనిపై చూపును? న్యాయస్థానమున నైపుణ్యమని వాదించి, బయలున సమాచారమును దాచువాడు రెండు నాలుకలవాడు.

మన తెలుగునాటికి ఈ ప్రశ్న ఇంకను దగ్గఱది. హైదరాబాదున మలక్‌పేటలో ఆఱవ నిజాము మహబూబు అలీఖాను కాలమునుండి పందెములు జరుగుచున్నవి. మౌలా అలీనుండి 1886లో అవి అచటికి మాఱినవి. ఆ నగరపు జంటయగు సికింద్రాబాదులోని ఒక క్లబ్బున రమ్మీ యాడుటను గూర్చిన వ్యాజ్యెములో సుప్రీంకోర్టు 1967లో చెప్పిన మాట మన విషయమునకు పనికివచ్చును. రమ్మీ ప్రధానముగా నైపుణ్యపు ఆటయే. అయినను పందెమొడ్డి ఆడు ఆటవలన క్లబ్బు లాభము తీయుచున్నచో నేరము కావచ్చునని ఆ తీర్పుయొక్క భావము. చట్టముయొక్క చూపు ఆటగానిపై కంటె ఆటశాలను నడపువానిపై ఎక్కువగా నిలిచినది. యాజ్ఞవల్క్యుని చూపును అచ్చటనే నిలిచినది.

ఇక ప్రభుత్వముసంగతి. 2023 అక్టోబరు 1వ తేదీనుండి గుఱ్ఱపు పందెములపై వస్తుసేవల పన్ను నిర్వాహకుని భాగముపై గాక, కాచిన పూర్తి సొమ్ముపై నూటికి 28 అని స్థిరపడినది. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి అది 40 అయినది. దుర్వ్యసనముపై పన్ను వేయుట తప్పని మే మనము. పన్ను అందఱకును ప్రకటింపబడినది. ఆ మేరకు అది గుప్తమైన కోతకంటె మేలు. కాని నూఱు రూపాయల పందెమునకు నలువది రూపాయలు పన్ను పడినప్పుడు, వ్యసనము వదలనివాడు వ్యసనమును మానునో, పన్ను లేని దొంగ బుకీ యొద్దకు పోవునో ఆలోచింపవలయును. ఆ బుకీయొద్ద టిక్కెట్టు లేదు, పద్దు లేదు, ఫిర్యాదునకు చోటు లేదు. పన్ను వసూలుచేయు ప్రభుత్వము, ఆ సొమ్ముతోపాటు పర్యవేక్షణపు బాధ్యతనుగూడ తీసికొనవలయును. ఆదాయములో పాలుపంచుకొని విచారణలో ముఖము త్రిప్పుకొను రాజు, సభలో గెలుపు లెక్కించుకొన్న ధృతరాష్ట్రునికంటె మేలైనవాడు కాడు.

మా మిత్రులలో కొందఱు ఇట్లనవచ్చును: “జూదమునకు చక్కని లెక్కలు, నిజాయితీ గల పాలన ఏర్పఱచినచో దానికి గౌరవము కలుగదా? కుళ్లినదానిని కుళ్లిపోనీయుటయే మంచిది గదా?” ఈ యాక్షేపము మంచి మనసునుండి వచ్చినది, కావున దీనికి సమాధానము చెప్పవలయును. కుళ్లిపోనిచ్చినంతమాత్రమున జూదము నశించినట్లు ఏ దేశపు చరిత్రయు చెప్పుట లేదు. నశించునది ఆటగాని కుటుంబము. వ్యసనమునకు బలమిచ్చునది గౌరవము కాదు, భ్రమ. ఇంకొక పందెమున పోయినది తిరిగి వచ్చునన్న భ్రమయే వానిని కిటికీయొద్దకు లాగుచున్నది. ప్రతి టిక్కెట్టుపై “ఈ నూఱు రూపాయలలో నిర్వాహకునికి ఇంత, పన్నునకు ఇంత, ఆటగాండ్రకు తిరిగి పోవునది ఇంత” యని పెద్ద యక్షరములతో అచ్చువేసినచో, మేము వ్రాయు నూఱు వ్యాసములకంటె ఆ కాగితపు ముక్క ఎక్కువ మందిని ఇంటికి పంపగలదు. భార్య అడిగినప్పుడు భర్త చెప్పవలసిన సమాధానము ఆ టిక్కెట్టుమీదనే యుండును. సత్యమైన లెక్క జూదమునకు అలంకారము కాదు, దానిపై దీపము.

కావున మనము కోరవలసినవి కొన్నియే. అవి కష్టమైనవియు కావు. కోత యెంతయో, పన్ను ఎంతయో ప్రతి టిక్కెట్టుపై వ్రాయవలయును. కుదించిన చిల్లర ఏడాదికెంత యైనదో, అది ఎవరికి పోయినదో ప్రకటింపవలయును. కెంటకీ రాష్ట్రము 2022లో ఈ చిల్లరను సెంటువఱకు లెక్కించి యీయవలయునని శాసించెను. అచ్చట సాధ్యమైనది ఇచ్చట అసాధ్యము కాదు. పెద్ద ఆటగాండ్రకు రాయితీ యిచ్చినచో దానిని అందఱకును తెలియజేయవలయును. గాయపడిన, చనిపోయిన గుఱ్ఱముల పట్టికయు, అనుమానాస్పదమైన పరుగులపై జరిగిన విచారణల ఫలితమును ప్రచురింపవలయును. క్లబ్బుయొక్క సంవత్సరపు జమాఖర్చులు, సంబంధము లేని ఆడిటరు పరీక్షించిన పిమ్మట, ఎవ్వరైనను చూచుటకు వీలుగా నుండవలయును. ప్రవేశపు రుసుముగాని కోతగాని పెంచినప్పుడు కారణమును అంకెలతో చెప్పవలయును. వీనిలో ఒక్కటియు పందెములను ఆపదు. నిజాయితీగల నిర్వాహకుని నష్టపఱుపదు. నష్టపడువాడెవ్వడో వాడే వీనిని వద్దనును.

మనము జూదరిని మందలింపవచ్చును. వాని బిడ్డల చదువు, ఇల్లాలి మెడలోని పుస్తె, వడ్డీకి తెచ్చిన అప్పు వీనిని జ్ఞప్తికి తేవచ్చును; తేవలయును. కాని ఒకచేత వానిని మందలించుచు, వాని జేబునుండి చెప్పకుండ తీయువానిని చూచి చూడనట్లూరకున్నచో మన నీతి పేదవానికి మాత్రమే వర్తించు నీతియగును. తప్పు చేసినవానికిని న్యాయము పొందు హక్కు కలదు. చెఱసాలలోని దొంగకు కొలత ప్రకారము అన్నము పెట్టవలయునని మనము చట్టము చేసికొన్నాము. వాడు మంచివాడని కాదు, పెట్టువారు మంచివారు కావలయునని. జూదరికి లెక్క చెప్పవలయుననుటయు అందులకే. వాడు దానికి అర్హుడా కాదా యని విచారించుట మన పని కాదు. సొమ్ము తీసికొన్నవాడు లెక్క చెప్పవలయును. ఈ నియమమునకు పందెపు బయలు కంచె వెలుపలకాని, లోపలకాని మినహాయింపు లేదు.